క్రీస్తుదాసు మాస్టారి తేమ శాతం

గుంటూరు బ్రాడీపేటలోని ఉజ్వల శిఖరం జూనియర్ కాలేజీ వారు తమ లెక్చరర్ల తేమ శాతాన్ని ప్రతి సోమవారం నోటీసు బోర్డులో పెడుతున్నారు. ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. మిరపకాయకి తేమ చూస్తారు, పత్తికి తేమ చూస్తారు, ఫిజిక్సు చెప్పేవాడికి మాత్రం ఎందుకు చూడకూడదని చైర్మన్ వెంకయ్యగారు స్టాఫ్ మీటింగులో అడిగారు. ఎందుకు చూడకూడదో చాలామందికి తోచలేదు. తోచినవాళ్లకి ఆ రోజు ఇరవై ఎనిమిదో తారీకని గుర్తొచ్చింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

వెంకయ్యగారు పాతికేళ్లు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపినవారు. ఒక ఏడాది తామర పురుగు పడి చేలన్నీ తుడిచిపెట్టుకుపోతే, ఏ పురుగూ పట్టని పంట ఏదా అని ఆలోచించి కాలేజీ పెట్టారు. సరుకు మారింది గానీ పద్ధతి మారలేదు. మార్కుల్ని బట్టి పిల్లల్ని తేజ, మూడు ముప్పై నాలుగు, బాడిగ అని మిరప రకాల పేర్లతో సెక్షన్లు చేశారు. ఏ రకంలోనూ పడనివాళ్లు తాలు సెక్షను. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఈ ఏర్పాటు తల్లిదండ్రులకి ఎంతగానో నచ్చింది. మిగతా కాలేజీల్లో సెక్షన్లకి శాస్త్రవేత్తల పేర్లు పెట్టి తికమక పెడతారు. ఇక్కడ మావాడు తేజ అంటే చాలు, ఊళ్లో ఎవరైనా లేచి కుర్చీ ఇస్తారు.

చైర్మన్ గారి టేబులు మీద తేమ కొలిచే మిషను ఉంటుంది. దాని రెండు ముళ్లని లెక్చరరు ముంజేతికి ఆనిస్తే అంకె కనిపిస్తుంది. ఈ మిషను మనుషులకి పనిచెయ్యదు కదండీ అనగలిగిన సైన్సు లెక్చరర్లు ఆ కాలేజీలో పద్నాలుగు మంది ఉన్నారు. పద్నాలుగు మందీ వరసలో నిలబడి చెయ్యి చాపారు.

చైర్మన్ గారి సిద్ధాంతం సులువుగానే అర్థమవుతుంది. కొత్తగా చేరిన లెక్చరరులో పద్దెనిమిది, ఇరవై శాతం తేమ ఉంటుంది. నవ్వుతాడు. టీకి వెళతాడు. కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఆదివారం అనే మాట వాడతాడు. ఇలాంటి సరుకు నిలవుండదు. మూడేళ్లు ఎండితే పన్నెండుకి దిగుతాడు. పది దగ్గరికి వచ్చాడంటే ఇక నోరెత్తడు, ఎక్కడ పెడితే అక్కడ ఉంటాడు, ఎన్నేళ్లయినా పాడవడు.

మన క్రీస్తుదాసు మాస్టారిది తొమ్మిది. కాలేజీ రికార్డు అదే.

సొంతూరు పొన్నూరు, వయసు ముప్పై ఒకటి, చెప్పేది ఫిజిక్సు. ఆరేళ్ల క్రితం చేరిన కొత్తలో గురుత్వాకర్షణ పాఠానికి కుర్చీ ఎక్కి కిందకి దూకి చూపించేవారు. ఇప్పుడు ఎక్కడం వరకే చేస్తున్నారు. దించడానికి ముందు బెంచీలో ఇద్దరికి డ్యూటీ వేశారు.

ఆయన పనివేళలు న్యాయమైనవే. పొద్దున ఐదున్నరకి హాస్టలు పిల్లల్ని లేపాలి. ఆరింటికి స్టడీ అవరు, ఎనిమిది నుంచి క్లాసులు, సాయంత్రం స్లిప్పు టెస్టు, ఆ తర్వాత దిద్దుడు, దిద్దాక తల్లిదండ్రులకి ఫోన్లు. చైర్మన్ గారు స్టాఫ్ గ్రూపులో శుభోదయం పువ్వు పెడితే రెండు నిమిషాల్లో చేతులు జోడించాలి. వేసవి సెలవుల్లో ఊళ్ల మీద పడి అడ్మిషన్లు పట్టాలి. మొన్న ఎండాకాలం పర్చూరు పక్క ఒక రైతు, కల్లంలో కాయలు ఏరిపెడితే మా పిల్లల్ని చేరుస్తానన్నాడు. మాస్టారు నాలుగు రోజులు వంగి తాలు ఏరిపెట్టి ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చారు. ఆ ఇద్దరూ తాలు సెక్షన్లోనే పడ్డారు.

జబ్బు మొదట టిఫిన్ సెంటర్లో బయటపడింది. ఇడ్లీయా, దోసా, పూరీయా అని అడిగితే మాస్టారు చాలాసేపు ఆలోచించి, "పై వాటిలో ఏదీ కాదు" అన్నారు. తర్వాత, తల్లి రెబ్కమ్మ ఫోను చేసి అబ్బాయ్ ఎలా ఉన్నావని అడిగింది. మాస్టారు, "నమస్కారమండీ. మీవాడు ఈ వారం కూడా వెనకబడ్డాడండీ. ఇంట్లో కొంచెం శ్రద్ధ పెట్టాలండీ" అని పెట్టేశారు. ఆవిడ రెండు రోజులు అన్నం మానేసి ఉన్న ఒక్క కొడుకు గురించీ బాధపడింది. ఆదివారం పొన్నూరు చర్చిలో ప్రార్థనకి మోకరించిన మాస్టారు, ఆరాధన అయిపోయి చాపలు చుట్టేస్తున్నా లేవలేదు. ఈ రోజుల్లో ఇంతటి ప్రార్థనాపరుడా అని సంఘమంతా మునివేళ్ల మీద నడిచి బయటికొచ్చారు. గురక వినబడింది. ఆత్మలో మూలుగుతున్నాడని పెద్దవాళ్లు వివరించారు.

మాస్టారు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లారు. డాక్టరు గారు ఆ రోజు తొంభై మందిని చూసి ఉన్నారు. నాడి పట్టుకుని ఆయనే నిద్రలోకి జారుకున్నారు. మాస్టారు లేపలేదు, ఎదురు కుర్చీలో తనూ కళ్లు మూశారు. నర్సు వచ్చి ఇద్దర్నీ లేపింది. ఆ వారం మొత్తమ్మీద ఇద్దరికీ పట్టిన మంచి నిద్ర అదేనని తేలింది.

"దీన్ని బర్నవుట్ అంటారండీ" అన్నారు డాక్టరు గారు ఆవలిస్తూ. "ఉద్యోగం మానెయ్యండి."

"మానెయ్యలేకపోతేనండీ?"

"నాలాగే ఈ మాత్రలు వేసుకోండి."

మాస్టారు మాత్రలు కొనలేదు. ఒక తెల్ల కాగితం కొని రాజీనామా రాశారు. రాసి జేబులో పెట్టుకున్నారు. అది పదకొండు రోజులు జేబులోనే ఉంది. చొక్కాతో పాటు రెండుసార్లు ఉతుక్కుంది. ప్రతిసారీ మళ్లీ రాశారు.

భయం దేనికంటే, ఉజ్వల శిఖరంలో చేరేవాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యానికి అప్పగించాలి. చెదలు పడతాయేమోనని చైర్మన్ గారు వాటిని నరసరావుపేట రోడ్డులో తమ కోల్డ్ స్టోరేజీలో, మిరపకాయల టిక్కీల మధ్య, అంటే బస్తాల మధ్య, భద్రం చేయిస్తారు. ఒప్పందం మూడేళ్లకోసారి తిరగరాస్తారు. ఆ రోజు బయటపడినవాడికి సర్టిఫికెట్లు వస్తాయి. లేదంటే మళ్లీ మూడేళ్లు లోపలే. మాస్టారి ఒప్పందం వచ్చే సోమవారం సాయంత్రం ఐదింటికి తీరిపోతుంది. అంటే ఆయన చేతిలో ఉన్నది వారం రోజులు.

చివరికి మంగళవారం మధ్యాహ్నం మాస్టారు చైర్మన్ గదిలోకి వెళ్లి కాగితం టేబులు మీద పెట్టారు. వెంకయ్యగారు దాన్ని చదివి, పక్కన పెట్టి, మిషను తీశారు.

"చెయ్యి పెట్టండి."

"సార్, రాజీనామా అండీ."

"చదివానయ్యా. చెయ్యి పెట్టు ముందు." ముళ్లు ఆనించి అంకె చూసి కళ్లజోడు సవరించుకున్నారు. "ఎనిమిదిన్నర. మచ్చ లేదు, పగులు లేదు."

"సార్, నాకు బొత్తిగా ఓపిక ఉండట్లేదండీ. క్లాసులో ఏం చెప్తున్నానో నాకే తెలియట్లేదు."

"అదేనయ్యా కావాల్సింది. తెలిసి చెప్పేవాడు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాడు." వెంకయ్యగారు ఆప్యాయంగా ముందుకి వంగారు. "నువ్వొచ్చిన రోజు పచ్చికాయవి. ఆరేళ్లు ఎండబెట్టా నిన్ను. ఇప్పుడు వాటంగా తయారయ్యాక ఇంకోడి కొట్టుకి పంపుతానా? యార్డులో ఎవరన్నా వింటే నవ్వుతారు."

అయితే యాజమాన్యం సిబ్బంది సంక్షేమం పట్ల ఉదాసీనంగా ఉన్నదని ఎవరూ అనడానికి వీల్లేదు. మర్నాడే ఒత్తిడి నివారణ దినోత్సవం ప్రకటించారు. తెల్లవారుజామున నాలుగున్నరకి మేడ మీద నవ్వుల వ్యాయామం, హాజరు తప్పనిసరి. నవ్వు సరిపోనివాళ్లకి అర్ధపూట జీతం కోత. ముగింపు సభలో చైర్మన్ గారు ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా, ఒత్తిడి అనేది ఎక్కడుంటుంది? మనసులో ఉంటుంది. కాబట్టి ఎవరూ కాలేజీకి మనసు తీసుకురావద్దని మనవి. మనసు ఇంటి దగ్గర పెట్టి రండి. ఇల్లు లేనివాళ్లు హాస్టలు వార్డెను దగ్గర అప్పగించి రసీదు తీసుకోండి."

చప్పట్లు మోగాయి. చప్పట్లు కూడా వ్యాయామం కిందే లెక్కని తెలిసి ఇంకాస్త మోగాయి. ఆ సభకి నాలుగున్నరకే లేచి రావడంవల్ల మాస్టారి తేమ మరో అర శాతం తగ్గింది.

ఆ సాయంత్రం ఆయన బస్సెక్కి పొన్నూరు వెళ్లి తల్లికి సంగతి చెప్పారు. రెబ్కమ్మ అర్థం చేసుకునే తల్లి.

"మానెయ్ నాయనా. ఉద్యోగం కోసం ప్రాణం తీసుకుంటామా?" అంది. వెంటనే ఒక సవరణ కూడా చేసింది. "కాకపోతే మానేసినట్టు ఎవరికీ చెప్పమాక. పొద్దున్నే క్యారేజీ తీసుకుని గుంటూరు బస్సెక్కు. రాత్రిదాకా ఎక్కడో ఒకచోట కూర్చో. నాలుగు క్లాసులు చెప్పి వస్తే మరీ మంచిది, అనుమానం రాదు."

"అమ్మా, అది మానెయ్యడం ఎట్లా అవుద్దే?"

"అయితే మీ మావయ్యనడుగు. బేరాల సంగతి ఆయనకి తెలుసు."

మేనమామ ఆదాం ముప్పై ఏళ్లుగా మిర్చి యార్డులో రైతుల తరఫున బేరం కుదిర్చే మనిషి. ఇప్పుడు యార్డులో కంప్యూటర్లొచ్చాయి గానీ, పాతవాళ్లకి తువ్వాలు లేకపోతే బేరమాడినట్టుండదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. కింద వేళ్లతోనే అడుగుతారు, వేళ్లతోనే కాదంటారు, వేళ్లతోనే ఔనంటారు. చుట్టూ వందమంది నిలబడినా రేటు మూడోవాడికి తెలియదు. ఆదాం వేళ్లు పట్టాడంటే కొనేవాడికి చెమటలు పడతాయని యార్డులో పేరు.

మేనల్లుడి గోడు విని ఆయన తేలిగ్గా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా. వెంకయ్యతో నోటితో మాట్లాడితే ఏం తేలుద్దిరా? ఆయన్ని పాతికేళ్లుగా ఎరుగుదును. తువ్వాలు కింద పది నిమిషాలివ్వు, నీ సర్టిఫికెట్లు నీ చేతిలో పెడతా."

గురువారం పొద్దున్నే ఆదాం ఎర్రగళ్ల తువ్వాలు భుజాన వేసుకుని చైర్మన్ గదిలోకి వెళ్లాడు. వెంకయ్యగారి మొహం వెలిగిపోయింది. కాలేజీ పెట్టిన దగ్గర్నుంచి ఆయనతో ఎవరూ మర్యాదగా బేరమాడింది లేదు. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని చేతులు కలిపారు. తువ్వాలు పడింది.

మాస్టారు తలుపు దగ్గర నిలబడి చూశారు. తువ్వాలు కింద రెండు పిల్లికూనలు కొట్టుకుంటున్నట్టుంది. వెంకయ్యగారు ఒకసారి అడ్డంగా తలూపారు. ఆదాం కళ్లు మూసుకున్నాడు. వెంకయ్యగారు లేచిపోతానన్నట్టు సగం లేచారు. ఆదాం చెయ్యి వదల్లేదు. ఆయన కూర్చున్నారు. తువ్వాలు ఒక్కసారి పెద్దగా ఉబికి, నెమ్మదిగా అణిగింది. ఇద్దరూ చేతులు తీసుకుని, పండగనాడు స్నానం చేసొచ్చిన వాళ్లలా నవ్వుకున్నారు.

బయటికి రాగానే ఆదాం మేనల్లుడి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"పోరా, అదృష్టవంతుడివి. ఈ సీజన్లో ఇట్టాంటి రేటు ఎవరికీ పలకలేదు."

"సర్టిఫికెట్లు ఎప్పుడిస్తానన్నారు మావయ్యా?"

"సర్టిఫికెట్లేంటి?"

"నన్ను విడిపించడానికి కదా మనం వచ్చింది."

ఆదాం నడక ఆగింది. తన కుడిచేతి వంక, అది వేరేవాళ్లదన్నట్టు చూసుకున్నాడు.

"ఒరేయ్ దాసూ. పొరపాటు జరిగిందిరా. నిన్ను అమ్మేశా."

"ఎంతకాలానికి?"

"మూడేళ్లకి. రేటు మాత్రం బ్రహ్మాండం. పైగా ఫ్యాను కింద కుర్చీ కూడా ఇప్పించా."

"మావయ్యా, నువ్వు లోపలికి వెళ్లింది దేనికి?"

"నన్నేం చెయ్యమంటావురా? చెయ్యి తువ్వాలు కిందకి వెళ్లేదాకా గుర్తుంది. వెళ్లాక అది నా మాట వినదు. ముప్పై ఏళ్ల నుంచీ దానికి అమ్మడమే తెలుసు. విడిపించడానికి ఏ వేలు పట్టుకోవాలో మాకెవరూ నేర్పలేదు."

తువ్వాలు కింద తెగిన బేరాన్ని మళ్లీ కదిలించే ఆచారం లేదు. కదిలించినవాడికి యార్డులో నీళ్లు కూడా పుట్టవు. కాబట్టి ఆదాం తనకి రావాల్సిన కమీషను తీసుకుని, బాధపడుతూ ఇంటికి వెళ్లాడు.

మాస్టారు స్టాఫ్ రూములో కూలబడితే బోటనీ షఫీక్ పక్కన చేరాడు. షఫీక్ ప్రత్తిపాడు దగ్గర మిరప రైతు కొడుకు. చేరి రెండేళ్లయింది. తేమ పదమూడు. కాబట్టి అతనికి ఇంకా జాలి, ఆలోచన, చిలిపితనం మిగిలి ఉన్నాయి.

"బేరం తెగితే అయిపోయినట్టు కాదు మాస్టారూ. సరుకు కాటాకెక్కేదాకా మనదే. కాటా దగ్గర మళ్లీ తేమ చూస్తారు. పద్నాలుగు దాటిందనుకోండి, కొన్నోడే వద్దంటాడు. మా నాన్నవి మొన్న వానకి తడిస్తే నలభై టిక్కీలు వెనక్కి పంపారు."

"నాకెప్పుడు కాటా?"

"మీ ఒప్పందం సోమవారం కదా. సంతకానికి ముందు మిషను పెడతారు. అంటే ఎనిమిదున్న మనిషి నాలుగు రోజుల్లో పద్నాలుగు దాటాలి."

"దానికేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు మాస్టారూ. అదే కష్టం."

మాస్టారికి అది నిజంగానే కష్టమనిపించింది. ఏమీ చెయ్యకుండా ఎట్లా ఉంటారో ఆయన మర్చిపోయి చాలా కాలమైంది. పైగా లోపల ఇంకో లెక్క నడుస్తోంది. మూడేళ్లు ఎంతలో తిరుగుతాయి? ఆరేళ్లు తిరగలేదూ? ఫ్యాను కింద కుర్చీ అంటే మాటలా? ఉద్యోగం పోయాక పొద్దున ఐదున్నరకి ఎవర్ని లేపాలి? శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆయన ఎటూ తేల్చుకోలేదు. మనలో మన మాట, ఉండిపోవడానికే మొగ్గారు.

ఆ మధ్యాహ్నం తాలు సెక్షన్లో కాంతి పాఠం. సైమా అనే పిల్ల లేచి నిలబడింది.

"సార్, పొద్దుగూకేటప్పుడు మా చేలో ఆకాశం కూడా మిరపకాయ రంగులోకి తిరుగుతుంది సార్. ఎందుకు?"

"అది పరీక్షలో రాదమ్మా. కూర్చో" అన్నారు మాస్టారు.

ఆ పిల్ల కూర్చుంది. అలిగి కూర్చోలేదు. రోజూ కూర్చునేట్టే కూర్చుంది. పుస్తకం మూసి బెంచీ మీద గోటితో గీతలు గీసుకోసాగింది. ఆరేళ్ల క్రితం ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే మాస్టారు క్లాసు మొత్తాన్నీ మేడ మీదకి తీసుకెళ్లి, సూర్యుడు దిగేదాకా కిందకి రానిచ్చేవారు కాదు. ఆ సంగతి ఇప్పుడాయనకి ఎవరో చెప్పిన కథలా గుర్తొచ్చింది. సుద్దముక్క పెట్టేశారు. బ్యాగు తీసుకుని, గంట కొట్టకముందే గేటు దాటి, పొన్నూరు బస్సెక్కారు. వాచ్‌మన్ ఆపలేదు. గంటకి ముందు బయటికి వెళ్లే లెక్చరర్ని ఆపాలని అతనికెవరూ చెప్పలేదు. అట్లా వెళ్లినవాళ్లు లేకపోవడమే కారణం.

ఇంటికి చేరగానే మాస్టారు ఫోను బియ్యం డబ్బాలో అడుగున పూడ్చి పడుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం లేచారు.

మధ్యలో తల్లి రెండుసార్లు కూర్చోబెట్టి గోంగూర పచ్చడన్నం, మజ్జిగా పట్టించింది. ఆయన నిద్రలోనే తిన్నారు. శనివారం నాటికి వార్త వీధంతా పాకింది. పట్టపగలు, ఆరోగ్యంగా ఉన్న మగమనిషి, ఉద్యోగస్తుడు, నిద్రపోతున్నాడంటే చూడటానికి జనం వచ్చారు. పిల్లల్ని ఎత్తి చూపించారు. ఒకావిడ గుమ్మంలో నిలబడి, "మా ఆయన్ని కూడా ఒక్కసారి ఇట్టా చూడాలని ఉందమ్మా" అని ఆవలించి, అక్కడే అరుగు మీద ఒరిగింది. సాయంత్రానికి అరుగు నిండిపోయింది.

లేచాక మాస్టారు ఊరి చివర వరి పొలాల వైపు నడిచారు. కాలవలో బాతులు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. చివరి బాతు దారి తప్పి, కంగారుగా వెనక్కి వచ్చి, తప్పలేదన్నట్టు మొహం పెట్టి వరసలో దూరింది. మాస్టారికి నవ్వొచ్చింది. ఆపుకోబోయి, ఇక్కడ నవ్వు లెక్కగట్టి ఎవరూ జీతం కొయ్యరని గుర్తొచ్చి, గట్టిగా నవ్వారు. ఇంట్లో బియ్యం డబ్బా మూడు వందల నలభైసార్లు మోగింది.

సోమవారం సాయంత్రం నాలుగింటికి చైర్మన్ గదిలో కాటా. ఒప్పంద పత్రం, పెన్ను సిద్ధం. పరువైన బేరం కాబట్టి ఆదాం కూడా వచ్చి తువ్వాలు సర్దుకుని కూర్చున్నాడు. వెంకయ్యగారు మాస్టారి ముంజేతికి ముళ్లు ఆనించారు. అంకె చూశారు. మిషను తుడిచారు. మళ్లీ ఆనించారు.

ఇరవై ఒకటి.

మిషను చెడిందేమోనని తన చేతికి పెట్టుకున్నారు. నాలుగొచ్చింది. మిషను బాగానే ఉంది.

"ఆదాం," అన్నారు వెంకయ్యగారు చాలా నెమ్మదిగా, "నీళ్లు కొట్టిన సరుకు తెచ్చావా నాకు?"

తూకం పెరగడానికి కాయల మీద నీళ్లు చల్లడమన్నది యార్డులో అన్నిటికంటే నీచమైన నేరం. ఆదాం మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దేవుడి తోడు వెంకయ్యగారూ. గురువారం చూసినప్పుడు గలగల్లాడాడు. ఏరా, ఏం చేశావురా?"

"పడుకున్నా మావయ్యా."

"ఎంతసేపు?"

"రెండు రోజులు."

"నా ముప్పై ఏళ్ల పరువు మంచమేసుకుని పడుకుని తీశావు కదరా."

"సార్, ఇంకో సంగతండీ," అన్నారు మాస్టారు వినయంగా. "బాతుల్ని కూడా చూశాను."

వెంకయ్యగారు కుర్చీలోంచి లేచారు. తడికాయ తనొక్కటే పాడైతే పర్లేదు. బూజు పట్టి పక్క టిక్కీలకి ఎక్కిస్తుంది. ఆయన వెంటనే స్టాఫ్ రూములో తనిఖీ చేయించారు. భయపడ్డంతా జరిగింది. మధ్యాహ్నం మాస్టారు బాతు కథ చెప్పగా మ్యాథ్స్ చెప్పే జెస్సీ మేడం టీ కప్పు పట్టుకుని పకపకా నవ్వారనీ, ఇప్పుడామె పదకొండు నుంచి పదిహేనుకి ఎక్కారనీ తేలింది. షఫీక్ ఈల వేస్తూ దొరికాడు. కెమిస్ట్రీ ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఏం చూస్తున్నావని అడిగితే "ఊరికే" అన్నాడట.

ఆ మాట వినగానే చైర్మన్ గారు పెన్ను తీశారు. ఐదింటికి పది నిమిషాలుండగా ఉత్తర్వు వెలువడింది. 'ఫిజిక్సు అధ్యాపకులు కె. క్రీస్తుదాసు గారు అనుమతి లేకుండా విశ్రాంతి తీసుకుని, పరిమితికి మించిన తేమతో పట్టుబడినందున, తోటి సిబ్బంది ఆరోగ్యం దృష్ట్యా వీరిని తక్షణం తిరస్కరించడమైనది.' కోల్డ్ స్టోరేజీ నుంచి ఆటోలో ఒక టిక్కీ వచ్చింది. అందులో మాస్టారి సర్టిఫికెట్లున్నాయి. ఆరేళ్లు మిరపకాయల మధ్య ఉండటంవల్ల ఎమ్మెస్సీ పట్టా చూడగానే ఎవరికైనా కళ్లమ్మట నీళ్లొస్తున్నాయి. మాస్టారికీ వచ్చాయి. తుమ్ముతూ, నవ్వుతూ గేటు దాటారు.

ఐదున్నరకి నోటీసు బోర్డులో తేమ పట్టిక పక్కన ఇంకో కాగితం అంటించారు. ఫిజిక్సు లెక్చరరు కావలెను.

మంగళవారం పొద్దున ఏడింటికి క్యూ కాలేజీ గేటు దగ్గర మొదలై అరండల్‌పేట దాకా వెళ్లింది. ఒంగోలు నుంచి వచ్చారు, చీరాల నుంచి మొదటి రైలుకి వచ్చారు. ఫిజిక్సు చదివినవాళ్లు వచ్చారు, చదవనివాళ్లూ వచ్చారు. స్టాఫ్ రూములో మర్చిపోయిన టిఫిను బాక్సు కోసం అటే వచ్చిన క్రీస్తుదాసు మాస్టారు ఆ క్యూ చూసి ఆగిపోయారు. మంచి మనిషి కాబట్టి ఊరుకోలేకపోయారు. మొదటివాడి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరికీ జరిగిందంతా చెప్పారు. ఐదున్నర సంగతి, మిషను సంగతి, కోల్డ్ స్టోరేజీ సంగతి, తువ్వాలు సంగతి. ఒక్కటీ దాచలేదు.

అందరూ శ్రద్ధగా విన్నారు. అయ్యో అన్నారు. మనిషన్నవాణ్ణి ఇట్లా చూస్తారా అని మండిపడ్డారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. అన్నీ విన్నాక, మాస్టారి చెయ్యి పట్టుకుని, కాస్త పక్కకి తీసుకెళ్లి, మిగతావాళ్లకి వినబడకుండా అడిగాడు.

"ఆ ఫ్యాను కింద కుర్చీ ఇంకా ఖాళీయేనాండీ?"

గేటు నుంచి లెక్కపెడితే పదిహేడో మనిషి మీరే. మాస్టారు చెప్పింది మీరూ విన్నారు, మీరూ అయ్యో అన్నారు. ఇప్పుడు పొద్దుపోక ఈ కథ తీసి చదువుకుంటున్నారు. చదివింది చాలు, ముందుకి జరగండి. క్యూ కదిలింది.